ఫొటోకెక్కిన పెరటి పిట్ట

పిట్టను తీరిగ్గా, దగ్గరగా చూడాలంటే పందొమ్మిదో శతాబ్దంలో తుపాకీ పట్టక తప్పేది కాదు. పక్షిశాస్త్రజ్ఞులు పిట్టను కొట్టి, చర్మం ఒలిచి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి సొరుగుల్లో భద్రపరిచేవారు. ఏది ఏ జాతో తేల్చుకోవాలంటే ఆ చర్మాలే ఆధారం. సలీం అలీ కథ మొదలైందీ అలాగే. చిన్నతనంలో ఆయన ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో అడగడానికే ఆయన మొదటిసారి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడూ నమూనాలు సేకరించడం ఆ పనిలో భాగమే.

కెమెరా కూడా తొలినాళ్లలో తుపాకీ వేషంలోనే పిట్టల వైపు తిరిగింది. 1882లో ఫ్రాన్స్‌కు చెందిన ఎతియెన్ జ్యూల్ మారే సెకనుకు 12 బొమ్మలు తీసే ‘ఫొటో తుపాకీ’ తయారుచేశాడు. భుజానికి ఆనించి, గురి చూసి, మీట నొక్కితే ఎగిరే పక్షి రెక్క లేవడం, వాలడం వరసగా పలక మీద పడేవి. మారేకు కావలసింది రెక్క కదలిక మాత్రమే. పిట్ట ఎలా బతుకుతుందో చూపించే పని మరొకరికి మిగిలింది.

ఆ పనికి పూనుకున్నవారు ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ పల్లె నుంచి వచ్చిన రిచర్డ్, చెర్రీ కీర్టన్ అన్నదమ్ములు. 1892లో చెర్రీ లండన్ పరిసరాల్లో ఒక త్రష్ గూటిని గుడ్లతో సహా ఫొటో తీశాడు. త్రష్ అక్కడి తోటల్లో రోజూ పాడే పిట్టే. పిట్టల ఫొటోల చరిత్ర అరుదైన పక్షితో కాక, రోజూ కంటపడే పిట్టతో ఊపందుకోవడం గుర్తుంచుకోదగిన సంగతి. 1895లో వారు అలాంటి ఫొటోలతోనే బ్రిటిష్ పక్షుల గూళ్ల మీద పుస్తకం తెచ్చారు. అప్పటి కెమెరా పెద్ద చెక్కపెట్టె, ఫిల్ముకు బదులు గాజు పలక. వెలుతురు చాలకపోతే బొమ్మ పడదు, పిట్ట కదిలితే అలుక్కుపోతుంది. అందుకని గూటి దగ్గరే కాపు వేసేవారు. ఎక్కడ తిరిగినా పిట్ట గూటికి రాక తప్పదు కదా. అది బెదరకుండా ఉండేందుకు కీర్టన్ సోదరులు ఎద్దు తోలుతో బోలు ఎద్దును చేయించి, దాని కడుపులో కెమెరాతో కూర్చునేవారు.

బొమ్మ తీసిన మనిషికి అది మరొకరికి చూపేదాకా మనసు నిలవదు. 1899లో ఇంగ్లండ్‌లో పుట్టిన జువాలజికల్ ఫొటోగ్రాఫిక్ క్లబ్ ఆ కోరికను పోస్టు సంచిలో పెట్టి తీర్చింది. సభ్యుల ప్రింట్లు ఒక కట్టగా ఇంటింటికీ తిరిగేవి. కట్ట అందినవారు ఒక్కో బొమ్మ చూసి, తోచింది రాసి, తర్వాతి సభ్యుడికి పంపేవారు. వెలుతురు ఎటు నుంచి పడింది, కొమ్మ అడ్డం వచ్చిందా, అసలు ఆ పిట్ట అదేనా అన్న చర్చ అంతా ఆ కాగితాల మీదే సాగేది.

భారతదేశంలో ఈ అభిరుచి చాలాకాలం డబ్బూ తీరికా ఉన్నవారి దగ్గరే ఉండిపోయింది. లోథర్ అనే పక్షుల ఫొటోగ్రాఫర్ ఇక్కడి తన అనుభవాలను 1949లో పుస్తకంగా తెచ్చాడు. సలీం అలీ స్నేహితుడు, సింగపూర్ సినిమా వ్యాపారి లోక్ వాన్ థో కూడా ఇక్కడ తిరిగి ఎన్నో మంచి ఫొటోలు తీశాడు. సామాన్యుడికి మాత్రం ఫిల్మ్ ధర, కడిగించే ఖర్చు తలకు మించినవి. ఒక రీలుకు 36 బొమ్మలు, అందులో నాలుగు బాగా వస్తే గొప్ప. అలాంటప్పుడు గోరింక మీద రీలు ఖర్చుపెట్టేదెవరు?

1960లో జాఫర్ ఫతేహల్లీ మొదలుపెట్టిన పక్షి వీక్షకుల వార్తాపత్రిక తొలిరోజుల్లో సైక్లోస్టైల్ కాగితాల మీదే వచ్చేది. స్టెన్సిల్ మీద ఫొటో దిగదు. కాబట్టి చూసింది మాటల్లోనే చెప్పాలి. ముక్కు ఎంత, తోక ఎలా ఆడించింది, ఏ చెట్టు మీద వాలింది అని ఓపిగ్గా రాసే అలవాటు ఆ తరానికి అలా అబ్బింది. హైదరాబాద్‌లో 1980లో ఏర్పడి, తర్వాత డెక్కన్ బర్డర్స్‌గా మారిన ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం తన పత్రికకు ‘పిట్ట’ అని పేరు పెట్టుకుంది. ఆ పేరు ఎంతో తగినది. ప్రపంచమంతా ఒక రంగురంగుల పక్షి జాతిని ‘పిట్టా’ అంటుంది. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్థిరపరిచిన ఆ పేరు మన తెలుగు మాటే.

డిజిటల్ కెమెరా వచ్చాక లెక్క మారింది. 1999 తర్వాత పత్రికల వారి చేతుల్లోకి, 2003 నుంచి మామూలు ఔత్సాహికుల చేతుల్లోకి అది చేరింది. వంద బొమ్మలు తీసి తొంభై తీసేసినా ఖర్చు లేదు. దాంతో కెమెరా మళ్లీ పెరటి వైపు తిరిగింది. పైగా తేదీ, సమయం ఫొటోతోపాటే నమోదవుతాయి. మగ పిచ్చుక గొంతు కింది నల్లమచ్చనే చూడండి. ఈకలు రాలి కొత్తవి మొలిచినప్పుడు వాటి కొసలు బూడిదరంగులో ఉండి నలుపును కప్పేస్తాయి. నెలలు గడిచేకొద్దీ కొసలు అరిగి నలుపు బయటపడుతుంది. గూడు కట్టే కాలానికి ముక్కు కూడా నల్లబడుతుంది. ఒకే పెరట్లో నెలకొకటి చొప్పున తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఈ మార్పు కళ్లకు కడుతుంది. మందారం మీద వాలే ఊదా తేనెపిట్ట మరీ తికమక పెడుతుంది. నీడలో నల్లగా ఉండే మగది ఎండ తగలగానే నీలంగా, ఊదాగా మెరుస్తుంది. జతకట్టే కాలం దాటితే ఆడదానిలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లచార మాత్రం మిగులుతుంది. కొత్తవారు దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. ఫొటో పదిమందికి చూపించినప్పుడు ఆ పొరపాటు ఇట్టే తేలిపోతుంది.

ఇలా కూడిన బొమ్మలు శాస్త్రానికీ అక్కరకొచ్చాయి. 1998లో అమెరికాలో మొదలైన పెరటి పక్షుల గణన 2013లో ప్రపంచమంతటికీ విస్తరించింది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, కనీసం పావుగంట చొప్పున పిట్టలను లెక్కపెట్టి జాబితా పంపాలి. 2002లో మొదలైన ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో ఆ జాబితాకు ఫొటో కూడా జతచేయవచ్చు. ఒకప్పుడు దూది కూరిన చర్మం చెప్పిన సాక్ష్యం ఇప్పుడు బతికున్న పిట్ట బొమ్మ చెబుతుంది.

గూటి దగ్గర మొదలైన ఈ కళ ఇప్పుడు గూటికి దూరం జరిగింది. బొమ్మ స్పష్టంగా రావాలని గూటి ముందున్న ఆకులు తుంచితే కూనలకు ఎండ తగులుతుంది, కాకి కంట పడతాయి. తల్లి బెదిరి వదిలేసి పోవచ్చు. అందుకే చాలా సంఘాలు గూటి ఫొటోలను తీసుకోవడం లేదు. ఆ స్థానంలోకి మట్టి మూకుడు వచ్చింది. నీడలో నీళ్లు పోసి, పక్కన ఒక ఎండుకొమ్మ పాతి, దూరంగా నేల మీద కూర్చుంటే చాలు. పిగిలిపిట్ట ముందు కొమ్మ మీద వాలి, నాలుగు దిక్కులూ చూసుకుని, ఆ తర్వాతే నీళ్లలోకి దిగుతుంది.