గంజాయి సత్త్వములు - జ్ఞాపకశక్తి
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



గంజాయి ముసలితనమున మెదడును కాపాడునను వార్త యొకటి సెల్‌ఫోనుల మూలమున మన యిండ్లలో వ్యాపించుచున్నది. పెద్దలు దానిని చదివి యూరట నొందుచున్నారు. విద్యార్థులు దానినే చదివి ధైర్యము తెచ్చుకొనుచున్నారు. అందు సత్యమెంత గలదో విచారించుట కర్తవ్యమని తలంచి యీ నాలుగు మాటలు మనవిచేయుచున్నాము.

గంజాయియందు మత్తు గొల్పు సత్త్వమునకు టి.హెచ్.సి. అని పేరు. 1964లో ఇజ్రాయేలు దేశమున మెషూలమ్, గావోనీ యను పండితులు దానిని శుద్ధరూపమున వేఱుచేసిరి. మన శరీరమే యిట్టి పదార్థము నొకదానిని తయారుచేసికొనుచున్నదని 1992లో మెషూలమ్ గారి పరిశోధనాలయమున తేలినది. సంస్కృతమందలి ఆనందశబ్దమునుబట్టి దానికి ఆనందమైడ్ అని పేరిడిరి.

ఈ పదార్థములు మన శరీరమున పట్టుకొను స్థానములు ముఖ్యముగా రెండు విధములు. మొదటివి మెదడున, జ్ఞాపకములను కూర్చు హిప్పోకాంపస్ అను భాగమున మెండుగా నున్నవి. టి.హెచ్.సి. వానిని ఆక్రమించినపుడు క్రొత్త విషయము మనసున నాటుకొనదు. రెండవవి రోగనిరోధక కణములపై నెక్కువగా నున్నవి. వానిని ప్రేరేపించినపుడు జంతువులయందు వాపు తగ్గుట కనబడినది. వార్ధక్యమున మెదడులో రగులు సన్నని వాపు మతిమఱుపునకు తోడ్పడునని వైద్యులు తలంచుచున్నందున, ఇచ్చట ఆశ పుట్టినది.

2017లో జర్మనీయందలి బాన్ నగర పండితులు ముసలి చిట్టెలుకలకు నాలుగు వారములు స్వల్పమాత్రగా టి.హెచ్.సి. నిచ్చి తమ ఫలితములను ప్రకటించిరి. వాని జ్ఞాపకశక్తి పడుచు ఎలుకలతో సమానమయ్యెను. వార్త యింతవఱకే చెప్పును. అదే మందు పడుచు ఎలుకల కీయగా వాని శక్తి తగ్గెనను సంగతిని చెప్పదు! ముసలి యెలుకకు మేలుచేసినది పదునెనిమిదేండ్ల విద్యార్థికి మేలుచేయునని నమ్ముట యెట్లు?

మనుష్యులయందు మతిమఱుపు వ్యాధికి గంజాయి మందని యింకను ఋజువు కాలేదు. మత్తు గొల్పని కానబిడయోలు అను మఱియొక సత్త్వమునకు మాత్రము, కొన్ని యరుదైన మూర్ఛరోగములకై, 2018లో అమెరికా ప్రభుత్వామోదము లభించినది. అది వైద్యుడు కొలిచి యిచ్చు ఔషధము. చిలుములోని పొగ గాదు.

బాంధవులారా! మన బిడ్డలలో నీ వ్యసనమున చిక్కినవారు లేరనుకొనుట ఆత్మవంచన. పరువు పోవునని దాచినకొలదిని చికిత్స ఆలస్యమగును, చదువు చెడును. స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై ప్రభుత్వపు ఆసుపత్రికో, గుర్తింపు పొందిన చికిత్సాలయమునకో పోయి చికిత్స పూర్తిచేసికొనినయెడల, 1985 నాటి మత్తుమందుల చట్టమే వానిని అభియోగమునుండి తప్పింపగలదు. చట్టము చూపు దయను మనము చూపకుందుమా?

కావున విద్యానిధి దాతలకు మా విన్నపము: చికిత్సకు పోయిన విద్యార్థి యుపకారవేతనమును నిలుపవలదు. తల్లిదండ్రులకు విన్నపము: బిడ్డను గద్దించుటకు ముందు వైద్యునికడకు తోడుకొని పొండు. ఈ రెండును ఈ మహాసభ యంగీకరించిన చాలునని మనవిచేసి విరమించుచున్నాము.