తెరచాప ఓడ కాఫీ – నా ప్రతిపాదన ఎందుకు వెనక్కి తీసుకుంటున్నాను
(వేదిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలకు ఇకమీదట తెరచాప ఓడల్లో వచ్చిన కాఫీయే కొందామని పోయినసారి ప్రతిపాదించింది నేనే. ఇవాళ దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిలబడ్డాను.

ముందు ఆ ఓడల సంగతి. ఫ్రాన్సులో గ్రెన్ ద సెయిల్ అనే కంపెనీ 2020లో ఒక చిన్న తెరచాప ఓడను అట్లాంటిక్ దాటించింది. వైన్ సీసాలు న్యూయార్కులో దించి, డొమినికన్ రిపబ్లిక్‌కి వెళ్ళి, కోకో, కాఫీ ఎక్కించుకుని ఇంటికి చేరడం దాని పని. మోసేది 50 టన్నులు. 2024లో వచ్చిన రెండోది 350 టన్నులు మోస్తుంది. అదే ఏడాది ఇంకో ఫ్రెంచి కంపెనీ దింపిన అనెమోస్ 81 మీటర్ల ఓడ, వెయ్యి టన్నులు. ఫొటోలు చూసి మనసు పారేసుకున్న మాట నిజమే.

మన దేశపు కాఫీ కూడా ఒకప్పుడు గాలివాటునే యూరప్ వెళ్ళేది. నెలల తరబడి తేమ పీల్చి గింజలు ఉబ్బి, పచ్చదనం పోయి బంగారు రంగుకు తిరిగేవి. ఆవిరి ఓడలు, 1869లో సూయజ్ కాలవ వచ్చాక ప్రయాణం తగ్గింది. ఆ రుచి మరిగినవాళ్ళు పాత కాఫీయే కావాలన్నారు. అందుకని మలబారు తీరంలో గిడ్డంగుల్లో గింజలు పరిచి వానగాలి తగిలిస్తారు. మాన్సూన్డ్ మలబార్ అంటే అదే.

సరే, లెక్కకొద్దాం. పోయినసారి ఒక అక్కయ్య అడిగారు: "మామూలు ఓడలో వస్తే కిలోకి ఎంత పొగ, తమ్ముడూ?" నోరు పెగల్లేదు. ఇంటికెళ్ళి లెక్కేశాను. పెద్ద కంటైనర్ ఓడ టన్ను సరుకును కిలోమీటరు మోస్తే సుమారు 10–20 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. కొలంబియా నుంచి ఫ్రాన్సు 8,000 కిలోమీటర్లనుకుంటే, కిలో కాఫీకి 80–160 గ్రాములు. అమెరికాలో సగటు కారు మైలుకు 400 గ్రాములు వదులుతుంది. నేను ఈ హాలుకి 22 మైళ్ళు ఒక్కణ్ణే నడుపుకుంటూ వచ్చాను. ఆ పొగతో 50 కిలోల కాఫీ సముద్రం దాటేది! పైగా మనమిచ్చే ఎక్కువ ధర ముందు ఓడ ఖర్చుకే పోతుంది. కాయలు కోసిన రైతుకి, అరకులోనైనా కొలంబియాలోనైనా, దానంతటది చేరదు.

అలాగని ఓడల పొగ చిన్నదేం కాదు. ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో సుమారు 3 శాతం. దాన్ని తగ్గించేది నా కప్పు కాదు, నిబంధన. పొగకు ఓడల చేత డబ్బు కట్టించే ఒప్పందాన్ని 2025 అక్టోబరులో లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఏడాది వాయిదా వేసింది. గట్టిగా అడ్డుపడింది మనం పన్నులు కడుతున్న ఈ దేశమే.

కనక కొత్త ప్రతిపాదన: మన కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాద్దాం. ఓటున్నవాళ్ళు ముందు సంతకం పెట్టండి. వీసా మీద ఉండి వెనకాడేవాళ్ళను నేను తప్పుపట్టను. ఆ భయం నాకూ తెలుసు. నేను మాత్రం పెట్టేశాను.

కాగితాలు రిజిస్ట్రేషన్ బల్ల మీదున్నాయి. పక్కన ఫ్లాస్కులో ఉన్నది మామూలు కాఫీయే. చల్లారకముందే రండి.