మన బరువు, మన మోకాళ్లు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)

పొదుపు గురించి మాట్లాడమంటే నాకు భయం లేదు. ఈసారి ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. నేను డాక్టర్ను కాను, పదో తరగతి చదివిన. అందుకని నా మోకాళ్ల గురించే చెప్తా. అవి నాకు బాగా తెలుసు.

ముందుగాల ఒక మాట. చాపల మీద కూర్చుంటే మళ్లీ లేవలేమని గోడ పక్కన నిలబడ్డోళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కణ్ణుంచి నాకు కనబడుతున్నది. సిగ్గుపడకండి అక్కా, వెనక కుర్చీలున్నాయి, తెచ్చుకోండి.

మా సంఘం అప్పుల పుస్తకంలో "అప్పు ఎందుకు" అని ఒక గడి ఉంటుంది. పిల్లల ఫీజు, ఇంటి అడ్వాన్సు, ఆరోగ్యం అని రాస్తాం. ఆరోగ్యం అంటే ఏందని ఈ ఏడాది ఒక్కొక్కరినీ అడిగిన. నడుము స్కానింగు, మోకాలి ఇంజెక్షన్లు, బెల్టు, నొప్పుల నూనె. నొప్పి వల్ల రెండు ఇండ్ల పని వదిలేసుకుంటే జీతం తగ్గుతుంది. జీతం తగ్గితే పొదుపు ఆగుతుంది, కిస్తీ లేటవుతుంది, వచ్చేసారి బ్యాంకు లింకేజీలో పదిమందికీ దెబ్బ పడుతుంది. ఒకరి మోకాలు పది మంది సంతకాలతో ముడిపడి ఉంది.

నేను హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగులో ఆరేళ్లు హౌస్‌కీపింగ్ చేసిన. చిన్నోడు పుట్టకముందు 58 కిలోలు ఉంటి. వాడు స్కూలుకు పోయేటప్పటికి 76. ఎప్పుడు పెరిగిందో తెల్వదు, యూనిఫాం సైజు మారుతుంటే తెలిసింది. మొదలు మెట్లు దిగేటప్పుడు నొప్పి. తర్వాత బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులతో కడ్డీ పట్టుకొని లాక్కోవడం. ఆఖరికి మా ఇంట్లో కింద కూర్చునే బాత్రూంలో లేవలేక మా పాపను పిలిచిన రోజు ఉంది. అప్పుడు నాకు 34 ఏండ్లు.

ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చారు. అందులో ఏముందో చెప్పలే, చీటీ ఇవ్వలే. వారం పది రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మొదలు. అట్లా ఐదుసార్లు. మొహం ఉబ్బింది, బరువు ఇంకా పెరిగింది. ఆ డబ్బు కూడా సంఘం అప్పే. మీకెవరైనా చీటీ లేకుండా సూది వేస్తానంటే ముందు పేరు రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. మెడికల్ షాపులో అడిగి రోజూ వేసుకునే నొప్పి గోలీలు కూడా అంతే. ఏండ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ. బీపీ, షుగర్ ఉన్నోళ్లకు ఇంకా ప్రమాదం.

తర్వాత మా బస్తీ దవాఖానకు పోయిన. పైసలు తీసుకోకుండా రక్త పరీక్షలకు పంపారు, థైరాయిడ్, షుగర్ చూశారు, అక్కణ్ణుంచి సర్కారు పెద్ద దవాఖానలో ఫిజియోథెరపీకి రాసిచ్చారు. అక్కడి మేడమ్ బరువు తగ్గు, కాలికి కసరత్తు చెయ్ అంటే నాకు కోపమొచ్చింది. "మేడమ్, నేను రోజుకు రెండు ఫ్లోర్లు తుడుస్తా. నాకు కసరత్తు ఏంది?" అన్న. మీరూ ఇప్పుడు మనసులో అదే అనుకుంటున్నారు, నాకు తెలుసు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. పనిలో మనం ఒకే రకంగా వంగుతాం, ఒకే చేతితో మాప్ లాగుతాం, ఒకే కాలి మీద బరువు వేస్తాం. అది కీలును అలిసేటట్టు చేస్తుంది. తొడ ముందున్న కండకు మాత్రం బలం రాదు. ఆ కండ గట్టిగా ఉంటేనే మోకాలికి దన్ను. అది నీరసపడితే దెబ్బంతా ఎముక మీద, గుజ్జు మీద పడుతుంది. నొప్పి ఉందని పడుకుంటే ఆ కండ ఇంకా కరిగిపోతుంది. మనం చేసేది రెండే: నొప్పితోనే పని, లేకుంటే పూర్తిగా మంచం. రెండూ దానికి పనికిరావు.

ఇక బరువు సంగతి. మామూలుగా నడుస్తుంటేనే మోకాలి మీద మన ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు పడుతుంది, మెట్ల మీద ఇంకా ఎక్కువ. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోలు తగ్గినట్టని పరిశోధన చేసినోళ్లు లెక్క తేల్చారు. నేను పదకొండు నెలల్లో ఏడు కిలోలు తగ్గిన. ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది. మన ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. అంటే అడుగడుగుకూ రెండు సిలిండర్ల గ్యాసు నా మోకాలి మీది నుంచి దిగింది. కొవ్వు ఉత్త బరువే కాదు, ఒంట్లో వాపును పెంచే పదార్థాలు కూడా వదులుతుంది. బరువు మోయని చేతి వేళ్ల కీళ్లు కూడా లావున్నోళ్లకు ఎక్కువ అరగడానికి అదొక కారణం అంటారు.

అట్లని లావున్నోళ్లందరినీ తిట్టొద్దు. మా సంఘంలో ఒక అక్క కట్టెపుల్ల లాగ ఉంటుంది, ఆమెకు నాకన్నా ఎక్కువ నొప్పులు. చిన్న వయసులో గర్భసంచి తీయించుకుంది. ఈ ఆపరేషన్లు దేశంలో అందరికన్నా ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణ ముందున్నాయి. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారుతాయి. ఆపరేషన్ అనగానే ఒప్పుకోకండి, ఇంకో డాక్టర్ను అడగండి. ఇది వేరే సభ పెట్టి మాట్లాడాల్సిన ముచ్చట.

మనం ఊడ్చే ఆఫీసుల్లో ఏసీలో కూర్చునేవాళ్లు బాగున్నారనుకుంటాం కదా. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు, ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు కలిసి ఇక్కడి ఐటీ ఉద్యోగులను 345 మందిని పరీక్షించి రాశారు: నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు, 71 మందికి స్థూలకాయం. వాళ్లు కూర్చుని, మనం నిలబడి. ఒకే బిల్డింగు. వాళ్లకు పైన జిమ్ ఉంటుంది, మనకు లాబీలో కూర్చోవడానికి స్టూల్ కూడా ఉండదు, అది వేరే సంగతి.

తిండి గురించి అందరూ జొన్నరొట్టె అంటారు. మంచిదే, కానీ నాలుగు రొట్టెలు తింటే అదీ అన్నమే. నా తప్పు వేరే చోట ఉంది. రోజుకు ఆరు చాయ్‌లు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. పన్నెండు చెంచాలు! ఇప్పుడు రెండు చాయ్‌లే, చక్కెర సగం. రెండోది, ఇండ్లల్లో మిగిలిన బిర్యానీ, కేకు, స్వీట్లు ఇస్తారు. పారేస్తే పాపం అనిపించి తినేదాన్ని. అన్నం పారేయడం మనకు చేతకాదు, ఆకలి చూసినోళ్లం. అందుకే పారేయమని చెప్పను, ఇచ్చేటప్పుడే "కొంచెం చాలమ్మా" అనడం నేర్చుకున్న. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటుంది. మన పళ్లెంలో ముప్పావు అన్నం. నేను అన్నం గరిటె ఒకటి తగ్గించి పప్పు, పాలకూర పెంచిన. నూనె ప్యాకెట్ మీద తెచ్చిన తారీఖు రాస్తా, నెలకు ఎన్ని అయిపోతున్నాయో తెలుస్తుంది.

కసరత్తుకు పైసలు, జిమ్ము అక్కరలేదు. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పది సార్లు. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. నేను మొదలు మూడుసార్లే చేయగలిగిన, అది కూడా కుర్చీ మీద దిండు వేసుకొని. ఇప్పుడు పదిహేను. చాయ్ మరిగేలోపు గట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించుతా. నడక వారానికి 150 నిమిషాలు అంటారు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కే. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో బూట్లేసుకొని తిరిగే టైం మనకు లేదు. నేను షేర్ ఆటో ఒక మలుపు ముందు దిగి నడుస్తా. అరిగిపోయిన హవాయి చెప్పులతో మాత్రం వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనుక్కోండి.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు. తెల్లారి నిన్నటికన్నా ఎక్కువుంటే ఆ రోజు తగ్గించుకోండి. మొదటి నెల నాకు ఏమీ తేడా లేదు, మానేద్దామనుకున్న. రెండో నెల ఆఖర్లో బస్సు మెట్టు ఒక్క చేత్తో ఎక్కిన, అంతే. నొప్పి పూర్తిగా పోలేదు. చలికాలం ఉంటుంది, పండగ పనుల్లో ఉంటుంది.

కీలు ఎర్రగా వేడిగా వాచినా, జ్వరం ఉన్నా, కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగకపోయినా, పడ్డ తర్వాత కాలు మోపలేకపోయినా కసరత్తులు పెట్టుకోకుండా దవాఖానకు పోవాలి. నడుస్తుంటే గుండెల్లో నొక్కినట్టున్నా అంతే.

పనిచేసే చోట పొడుగు కర్ర మాప్ అడగండి. బకెట్ సగమే నింపి రెండుసార్లు మోయండి. నేను ఒక్కదాన్నే అడిగితే సూపర్‌వైజర్ నవ్విండు. ఆరుగురం కలిసి పోయి అడిగితే పదిహేను రోజుల్లో వచ్చినయి.

మా సంఘం ఒక బరువు మిషన్, దర్జీ టేపు కొన్నది. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళం దాటితే జాగ్రత్త పడాలంటారు. నెల మీటింగులో పొదుపు కట్టగానే ఎవరి బరువు వాళ్లే చూసుకొని వాళ్ల పుస్తకంలోనే రాసుకుంటారు. ఒకరిది ఒకరు చూడొద్దు, నవ్వొద్దని తీర్మానం కూడా రాసినం. తర్వాత పది నిమిషాలు కుర్చీ కసరత్తు. మిగతా సంఘాలకు కావాలంటే మిషన్ ఇస్తాం, సంతకం పెట్టి తీసుకపోండి, వారంలో తిరిగి ఇవ్వండి.

ఇప్పుడు కుర్చీలున్నోళ్లు కుడికాలు చాపండి. చీర కుచ్చిళ్లు జాగ్రత్త. ఒకటి... రెండు...