డీజిలు లెక్క చూసే అధికారి



మీలో కొందరు ఖడక్‌వాస్లా ఎన్.డి.ఎ.కు, చెన్నై ఓ.టి.ఎ.కు వెళ్లాలని చదువుతున్నారని విని సంతోషించాను. సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసినవాడిగా ఒక్క మాట చెబుతాను.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. కీవ్ నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల పొడవున రష్యా సైనిక వాహనాలు రోజుల తరబడి రోడ్డు మీదే నిలిచిపోయాయి. ట్యాంకులకు కొదవ లేదు. కాని డీజిలు, తిండి చాలలేదు, టైర్లు పాడయ్యాయి. పైగా ఉక్రెయిన్ దళాలు వంతెనలు కూల్చి, దాడులు చేశాయి. విన్యాసాలకే వచ్చామనుకున్నామని పట్టుబడిన సైనికులు కొందరు చెప్పారు. ఏప్రిల్ మొదటి వారానికి ఆ సేన కీవ్ పరిసరాలు వదిలి వెనుదిరిగింది.

శిక్షణలో ఉన్న అధికారికి ఇదే పాఠం. ధైర్యం ఎంత ముఖ్యమో, స్టోరు లెక్క అంత ముఖ్యం. జవానుకు ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నాడో చెప్పాలి. కిందివాడు "సార్, డీజిలు చాలదు" అంటే కసురుకోకుండా వినాలి. వినకపోతే ఒక ఇంటి బిడ్డ తిరిగి రాడు.

తల్లిదండ్రులారా, మార్కులు తగ్గాయని మీ పిల్లలు మీతో భయం లేకుండా చెప్పగలిగితే, ఆ శిక్షణ మీ ఇంట్లోనే మొదలైనట్టు. సెలవు.