ఉనికి వేరు, నివాసము వేరు



ఉద్యోగవిరమణ చేసిన దంపతులు అమెరికాలోని కుమారుని యింటికి వెళ్ళుట నేడు మన కుటుంబములలో సర్వసాధారణమైనది. మనుమని ఆటపాటలలో రెండు నెలలు తెలియకుండ గడచును. ఒకనాడు కుమారుడు, "నాన్నగారూ, తిరుగు ప్రయాణములో పారిస్, రోమ్ కూడ చూచి వెళ్ళరాదా?" అనును. ఎల్.టి.సి. మీద కన్యాకుమారి వరకు పోయివచ్చుటయే మహాయాత్రగా భావించిన తండ్రికి ఆ మాట అమృతప్రాయముగా నుండును. వెంటనే వీసా ప్రయత్నము మొదలగును. అచ్చట ఎదురగు తొలి ప్రశ్న: "మీరు ఈ దేశమున నివాసులా?"

"ఆరు నెలలుండుటకు అనుమతి యున్నది గదా!" అని వారి సమాధానము. అది సత్యమే గాని, అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. సందర్శకుల వీసాపై వచ్చినవారు ఆ దేశమున చట్టబద్ధముగా ఉన్నవారే గాని, చట్టబద్ధముగా నివసించువారు కారు. ఒక్క పదము తేడాతో ఫైలు వెనుకకు వచ్చుట ఎరిగిన మన సభ్యులకు ఈ భేదము వింతగా తోచదు.

1985లో లక్సెంబర్గులోని షెంగెన్ అను చిన్న గ్రామమున కుదిరిన ఒడంబడిక నుండి పెరిగిన కూటమిలో నేడు 29 దేశములున్నవి. వాటికి 2009లో చేసిన ఉమ్మడి వీసా నియమావళి కలదు. దాని 6వ అధికరణము ప్రకారము దరఖాస్తుదారుడు తాను నివసించు దేశములోని కాన్సులేటునే ఆశ్రయింపవలెను. నివాసి గాక, చట్టబద్ధముగా అచ్చట ఉన్నవాడు మాత్రమే అయినచో, అక్కడనే దరఖాస్తు పెట్టుటకు తగిన కారణము చూపవలెను. కారణము సమంజసమైనచో కాన్సులేటు దానిని పరిశీలించును.

ఇందులో అన్యాయమేమియు లేదు. యాత్రికుడు తిరిగి స్వదేశము చేరునా లేదా యనునది వీసా అధికారి ప్రధాన సందేహము. ఇల్లు, పింఛను, బ్యాంకు ఖాతా అన్నియు భారతదేశమున నుండగా, వాటి సత్యాసత్యములు ఢిల్లీలోని అధికారికి తెలిసినంత సులభముగా న్యూయార్కులోని అధికారికి తెలియవు. "ఇంతదూరము వచ్చితిమి గదా, చూచిపోదము" అనునది ఆయన దృష్టిలో కారణమే కాదు.

కాని కష్టము అందరికిని విహారరూపముననే రాదు. కుమారుని యింట నుండగా జర్మనీలోని కుమార్తెకు నెలలు నిండకముందే ప్రసవమైనదని కబురు వచ్చిన తల్లి యేమి చేయును? స్వదేశమునకు పోయి, దరఖాస్తు పెట్టి, మరల బయలుదేరుటకు ఆమెకు వ్యవధి యెక్కడ? ఆ అధికరణములోని సడలింపు ఇట్టివారికి అక్కరకు వచ్చును. ఆసుపత్రివారి పత్రము, కుమార్తె ఆహ్వానము, తమ అమెరికా అనుమతి గడువు, స్వదేశమునకు తిరుగు టిక్కెట్టు, వీటిని జతపరచి, జరిగినది జరిగినట్లు ఒక పుటలో వ్రాయవలెను. సాధారణముగా 15 దినములలో నిర్ణయము వచ్చును. ఒక్కొక్కప్పుడు 45 దినములు కూడ పట్టవచ్చును. ఈలోగా అమెరికాలోని గడువు తీరిపోకుండ చూచుకొనుట అత్యవసరము.

విహారమునకు పోదలచినవారికి సులభమైన ఉపాయము వేరొకటి కలదు. 2020 నుండి షెంగెన్ దరఖాస్తును ప్రయాణమునకు ఆరు నెలల ముందుగనే పెట్టవచ్చును. అమెరికాలో నాలుగు నెలలుండదలచిన దంపతులు బయలుదేరుటకు ఒక నెల ముందు ఇక్కడనే దరఖాస్తు పెట్టినచో ఐదు నెలలే యగును. చిక్కు తీరినట్లే.

అన్ని దేశముల పద్ధతి ఒక్కటి కాదు. బ్రిటన్ సందర్శక వీసాకు ఆ దేశము వెలుపల ఎక్కడనుండియైనను దరఖాస్తు పెట్టవచ్చును. అమెరికా వీసాకు ఇక్కడి నిరీక్షణ భరింపలేక బ్యాంకాకు మొదలైన చోట్లకు పోయినవారు పూర్వము కలరు. 2025 సెప్టెంబరులో ఆ ప్రభుత్వము, తాత్కాలిక వీసాలు కోరువారు తమ పౌరసత్వము గాని నివాసము గాని యున్న దేశముననే దరఖాస్తు చేయవలెనని ఆదేశించినది.

సర్వీసులో నున్న సభ్యులకు మరొక ముడి. సొంత పనిమీద విదేశమునకు పోవుటకు శాఖనుండి ముందుగా అనుమతి పొందవలెను. ఆ దరఖాస్తులో చూడబోవు దేశముల పేర్లు వ్రాయవలసియుండును. అమెరికా అని మాత్రమే వ్రాసి వెళ్ళినవారికి, దారిలో పారిస్ దిగవలెనన్న కోరిక పుట్టినచో, కాన్సులేటుకన్న ముందు తమ శాఖకే జాబు వ్రాయవలసివచ్చును.