తుపాను త్రోవను మార్చు గాలులు

బంగాళాఖాతమున తుపాను పుట్టినదని వినగానే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి భయమును, ఆశయు ఒక్కమారే కలుగును. తూర్పు సముద్రము మనకు సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. గాలి తాకిడి అంతగా సోకదు, వాన మాత్రము వచ్చును. విచ్చిన ప్రత్తి తడిసినచో వన్నె చెడి, ఆదోని మార్కెట్టులో ధర తగ్గును. ఎమ్మిగనూరు నేతగాని గంజి పెట్టిన పడుగు ఆరదు. నల్లరేగడిలో శనగ విత్తినవానికో, ఆ వానయే ప్రాణము. కావున తుపాను ఇటు వచ్చునా, మరలిపోవునా యనుట మనకు వట్టి వేడుకప్రశ్న కాదు.

తుపాను తనంతట తాను నడవదు. తుంగభద్ర వఱదలో సుడిని చూడుడు: అది తనలో తాను తిరుగుచునే ప్రవాహముతో కొట్టుకొనిపోవును. తుపానును అట్టిదే, దానిని మోయు ప్రవాహము చుట్టునున్న గాలి. అట్లాంటిక్ సముద్రపు హరికేనుకును ఇదియే ధర్మము.

ఈ గాలిని నడపునది అధిక వాయుభారము. మన అర్ధగోళమున అధికభార ప్రదేశము చుట్టును గాలి ప్రదక్షిణముగా తిరుగును. అది తుపానునకు ఉత్తరమున బలముగా నిలిచినచో, దాని దక్షిణపు అంచునగల తూర్పుగాలి తుపానును పడమరకు, అనగా మన తీరమువైపునకు త్రోయును. ఆ గోడ సడలినచో తుపాను ఉత్తరమునకు తిరిగి, పిదప ఈశాన్యముగా ఒడిశా, బంగాళము, బర్మా దెసలకు పోవచ్చును.

పొడిగాలి పని వేఱు. తుపానునకు ఆహారము సముద్రపుటావిరి. నవంబరు, డిసెంబరు నెలలలో ఉత్తర భూభాగమునుండి వచ్చు పొడిగాలి మేఘములలో చొచ్చినచో నీటిబిందువులు మరల ఆవిరియగును, గాలి చల్లబడి క్రిందికి దిగును, మేఘశిఖరములు కూలును. అప్పుడు త్రోవయు మారవచ్చును. ఎత్తైన తుపానును పైగాలులు నడపును. కుఱుచయైనదానిని క్రిందిగాలులు లాగికొనిపోవును.

2013వ సంవత్సరమున రెండు నిదర్శనములు కనబడినవి. లెహర్ అను అతి తీవ్ర తుపాను అండమాను దీవులను దాటి ఆంధ్రతీరమువైపు వచ్చెను. పొడిగాలియు, క్రింది మీది గాలుల వేగభేదమును, చల్లని నీరును కలిసి దానిని నడిసముద్రముననే క్షీణింపజేసెను. నవంబరు 28న మచిలీపట్టణము చెంత తీరము దాటునప్పటికి అది వట్టి వాయుగుండము. తరువాత వచ్చిన మాదీ తుపాను మొదట ఉత్తరముగా సాగి, బలముడిగి, ఈశాన్యపు క్రిందిగాలులకు లోబడి నైరృతిగా వెనుదిరిగి, డిసెంబరు 12న తమిళదేశమున వేదారణ్యము వద్ద తీరము చేరెను.

అయినను తుపాను క్షీణించినంతనే వాన తప్పినదనుకొనరాదు. 2009 అక్టోబరు తొలి దినములలో కర్నూలును, మన పొరుగుననున్న మంత్రాలయమును ముంచిన వఱదకు కారణము పేరుగల తుపాను కాదు, అల్పపీడనపు వానలే. గాలికి బలము తగ్గినను తేమ మిగిలియుండవచ్చును.

కావున పటముపై మొదట గీచిన గీతను నమ్మి విత్తుటయు, కోయుటయు తగదు. ఉత్తరమున అధికభారము నిలిచినదా, పొడిగాలి చొచ్చినదా, ఎంత వాన కురియనున్నది యను మూడు విషయములను ప్రతిదినపు వాతావరణ ప్రకటనలో వినుడు. ఏరిన ప్రత్తిని ముందు కప్పు క్రిందికి చేర్చుడు. విత్తనమును నేల తడిసిన పిమ్మట బయటికి తీయుడు.