ఫలితములు వెలువడిన పిమ్మట



గ్రంథాలయ రజతోత్సవమున సాధారణముగ పుస్తకముల మహిమను గూర్చి ప్రసంగింతురు. ఆ పని యీ సభలో తక్కిన వక్తలు చక్కగ నెరవేర్పగలరు. నేటి ప్రసంగ విషయము వేరు. ఏటేట వేసవిలో పెద్దదోర్నాలయందును, చుట్టుప్రక్కల పల్లెలయందును, అడవి యంచున నున్న చెంచుగూడెములయందును కొన్ని యిండ్లలో పొయ్యి వెలుగని దినమొకటి వచ్చును. అది పరీక్షా ఫలితముల దినము.

పూర్వకాలమున ఫలితములు వార్తాపత్రికలలో నంబర్ల వరుసగ అచ్చుపడెడివి. పత్రిక మార్కాపురము చేరి, అచ్చటినుండి బస్సుమీద దోర్నాలకు వచ్చుసరికి ప్రొద్దెక్కెడిది. బాలుడు వ్రేలితో వరుస వెంబడి వెదకికొని, చివరకు "నంబరు పడలేదు" అనెడివాడు. ఆ మాటలో కొంత దయ యున్నది. పడనిది నంబరు, బాలుడు నిలిచియే యున్నాడు. ఇప్పుడో, ఫలితము చేతిలోని ఫోనున ఒక్క నిమిషములో వెలువడును. ఏ పాఠమున ఎన్ని మార్కులు తగ్గినవో తల్లిదండ్రులకంటె ముందుగ మేనమామకు, పినతండ్రికి, వీధిలోనివారికి తెలియును. వార్త వేగముగ వచ్చుట మేలే గాని, దానిని జీర్ణించుకొను వ్యవధి తగ్గిపోయినది.

ఈ ప్రాంతమున పరీక్ష యనగా ఒక్క విద్యార్థి వ్యవహారము కాదు. వానను నమ్ముకొన్న మెట్టపొలముల సీమ యిది. కొడుకునో కూతునో గుంటూరునకో, విజయవాడకో, ఒంగోలునకో పంపి వసతిగృహమున నుంచి చదివించుటకు తండ్రి ఎడ్లజత నమ్మియుండును. తల్లి మెడలోని బంగారము కుదువ పోయియుండును. బిడ్డ పుట్టినప్పటినుండి "మావాడు డాక్టరు" అని పిలుచుట అలవాటైనది. అట్టి యింటిలో ఫలితము తారుమారైన రాత్రి తండ్రి అప్పును తలచుకొనును. బిడ్డ తండ్రి ముఖమును తలచుకొనును. ఇద్దరును మాటలాడరు. ఆ మౌనమే అన్నిటికంటె అపాయకరమైనది.

మొదట ఒక లెక్క చూడుడు. 2024లో వైద్యవిద్యా ప్రవేశపరీక్ష యగు నీట్ వ్రాసినవారు దేశమంతట 23 లక్షలకు పైబడిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము పైమాట. అనగా ఇంచుమించు ఇరువదిమందికి ఒక సీటు. తక్కిన పందొమ్మిదిమంది సోమరులా? బుద్ధిహీనులా? అట్లనుట లెక్క తెలియని మాట. వంద బస్తాలు పట్టు గోదామునకు రెండువేల బస్తాలు వచ్చినపుడు, వెలుపల మిగిలిన ధాన్యము పుచ్చిపోయినదని ఏ రైతు అనడు.

ఇక చరిత్రలోనికి పోదము. తెలుగువారిలో ఈ విషయమునకు యెల్లాప్రగడ సుబ్బారావు కథకంటె దగ్గర కథ లేదు. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుమార్లు తప్పెను. మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి వ్రాసి గట్టెక్కెను. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించి, మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. ఆ చదువునకు మామగారు ధనసహాయము చేసిరి. అవి విదేశవస్త్ర బహిష్కారపు దినములు. గాంధీ మహాత్ముని పిలుపు విని సుబ్బారావు ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్సా తరగతికి పోయెను. ఆంగ్లేయ ఆచార్యునకు అది కంటగింపాయెను. సుబ్బారావు వ్రాతపరీక్షలయందు చక్కగ వ్రాసినను, తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే చేతికి వచ్చెను.

ఈ ఘట్టమును చెప్పువారు సాధారణముగ ఇచ్చటినుండి ఒక్క గంతున అమెరికాకు పోవుదురు. నడుమ జరిగినది కదా మనకు కావలసినది! చిన్న పట్టముతో ఆయన మద్రాసు వైద్యోద్యోగమునకు యత్నించి విఫలుడాయెను. అంతట డాక్టరు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రము బోధించు పనిలో కుదిరెను. అది ఆయన కోరిన ఉద్యోగము కాదు, దొరికిన ఉద్యోగము. దానిలో నుండియే పైచదువునకు దారి వెదకెను. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆయనకు తోడ్పడుటకు అంగీకరించెను. బోస్టను నగరము చేరిన పిదప పొట్టగడుపుకొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసెను. 1925లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి శరీర ద్రవములలో భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించెను. అది నేటికిని వారిరువురి పేరుతో చెలామణిలో నున్నది. 1930లో హార్వర్డు డాక్టరేటు లభించెను.

ఆయన సోదరులిరువురు స్ప్రూ అను ఉష్ణదేశపు గ్రహణివ్యాధికి బలియైరి. 1940లో ఆయన లెడర్లె పరిశోధనశాలలో చేరెను. ఆయన నడపిన బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. స్ప్రూకు పనిచేయు మందు అదియే. బోదకాలునకు వాడు డైఇథైల్ కార్బమజీను సయితము ఆయన విభాగమునుండి వచ్చినదే. 1948లో, యాబదిమూడవ యేట, ఆయన స్వర్గస్థుడాయెను. తక్కువ పట్టమే వచ్చిన వైద్యుని మందు, ఆ తక్కువ పట్టమిచ్చిన ఊరి ఆసుపత్రులకును చేరినది.

శ్రీనివాస రామానుజన్ కథ అందరెరిగినదే. అయినను దానిలో నెల్లూరునకు సంబంధించిన భాగము కొందరికే తెలియును. 1904లో మెట్రిక్యులేషన్ నెగ్గి కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరిన యా బాలుడు గణితము తప్ప తక్కినవి చదువక ఆ వేతనమును పోగొట్టుకొనెను. 1905లో ఇంటిలో చెప్పక విశాఖపట్టణమునకు పారిపోయెను. అవమానము భరింపలేని బాలుడు ఊరు విడుచుట నాడును కలదు, నేడును కలదు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చుండి మరల మరల తప్పెను. పట్టము లేనివానికి విశ్వవిద్యాలయము తలుపు మూసికొన్నది. కొన్ని సంవత్సరములు ఆకలితో గడచినవి.

అప్పుడు నెల్లూరు కలెక్టరుగ నున్నవారు రామచంద్రరావుగారు. వారు స్వయముగ గణితాభిమానులు. మాసిన బట్టలతో నోటుపుస్తకము చంకనిడుకొని వచ్చిన యువకుని మాటలు మొదట వారికి అంతుపట్టలేదు. అయినను వెళ్లగొట్టలేదు, మరల రమ్మనిరి. విని, నెలకు ఇరువదియైదు రూపాయల చొప్పున కొంతకాలము సహాయము చేసిరి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆనాడు ఆ కలెక్టరుగారి నెల్లూరు జిల్లాలోనివే యని గుర్తుంచుకొనదగినది. 1912 మార్చిలో రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టున నెలకు ముప్పది రూపాయల గుమాస్తాగ చేరెను. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయము, పట్టము లేని యాయనకు, నియమమును సడలించి నెలకు డెబ్బదియైదు రూపాయల పరిశోధనావేతన మిచ్చెను. 1916లో కేంబ్రిడ్జి పట్టము, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము వచ్చినవి.

గ్రంథాలయ సభలో చెప్పవలసిన మరియొక విశేషము కలదు. రామానుజన్ బుద్ధిని మేల్కొల్పిన కార్ అను నాతని గణిత సంగ్రహము కొన్న పుస్తకము కాదు. కుంభకోణము కళాశాల గ్రంథాలయమునుండి ఎవరో తెచ్చి యిచ్చినది.

ఇట్టి మహనీయుల కథలు చెప్పి పరీక్ష తప్పిన బాలుని ఓదార్చుట ఆచారమైపోయినది. అందొక లోపము కలదు. "రామానుజన్ తప్పలేదా? నీవును తప్పితివి, ఏమి భయము?" అన్నచో బాలునకు రెండవ బరువు నెత్తిన పెట్టినట్లే. పరీక్ష తప్పిన ప్రతివాడు రామానుజన్ కానక్కరలేదు. మంచి మెకానిక్కు, మంచి ఉపాధ్యాయుడు, మంచి నర్సు అయినను చాలును. ఆ కథలలో పట్టుకొనవలసినది ప్రతిభ కాదు, తోడు. మామగారి ధనము, ధర్మసంస్థ మాట, కలెక్టరుగారి ఇరువదియైదు రూపాయలు, దొరికిన చిన్న ఉద్యోగము: ఇవి లేనిదే ఆ ప్రతిభ యేమగునో ఊహింపుడు.

ప్రకాశము పంతులుగారు మొదట రెండవ తరగతి ప్లీడరు మాత్రమే. పై న్యాయస్థానములలో వాదించు అర్హత లేకుండుటచే 1904లో ఇంగ్లండునకు పోయి, 1907లో బారిస్టరై మరలివచ్చిరి. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము ప్రథమశ్రేణిలో నెగ్గియు, దరఖాస్తు గడువు దాటి చేరుటచే పరిశోధనావేతనము పొందలేకపోయిరి. ఉద్యోగమునకై కలకత్తా పోగా అదియు దొరకలేదు. అచ్చట ఒక భోజనవసతిలో కలిసిన యువకుడొకడు గణాంక సంస్థ మాట చెప్పగా, 1941 జనవరిలో అందు చేరిరి. తరువాతి కథ ప్రపంచమెరుగును. నూటరెండేండ్లు జీవించి 2023లో పరమపదించిరి.

ఇప్పుడు మన పిల్లల దారులు. ఇంటర్మీడియెట్ తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. దానిలో నెగ్గినవారు సంవత్సరము పోగొట్టుకొనకయే డిగ్రీలో చేరవచ్చును. చదువుకొన్న కుటుంబములకిది చిన్న విషయము. గూడెమునుండి మొదటితరముగ బడికి వచ్చిన బాలికకు ఈ సంగతి చెప్పువారు లేకున్న ఆమె చదువు ఆ దినముననే ముగియును. రుసుము కట్టు గడువు కొలదిదినములే. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్కున డిప్లొమా చేసినవారు ఇ-సెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును; ఇది తక్కువ ఖర్చుగల దారి, దీనిని చిన్నచూపు చూచుట తగదు. పనిచేయుచు చదువదలచినవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయములు కలవు. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో తెలుగుదేశముననే పుట్టినది.

మరల ఒక యేడు ఆగి అదే ప్రవేశపరీక్ష వ్రాయుట మాట యేమి? కొందరికి అది తగును. అయితే ఆ నిర్ణయము ఫలితము వచ్చిన రాత్రి చేయదగినది కాదు. గమ్యమునకు ఎన్ని మార్కులు తగ్గినవి, అప్పు ఇంకెంత పెరుగును, అన్నిటికంటె ముఖ్యముగ బిడ్డకు ఆ చదువుమీద మనసున్నదా, అను మూడును చల్లగ విచారింపవలెను. పైగ ఐ.ఐ.టి.ల కొరకైన జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డు 2025 నిబంధనల ప్రకారము వరుస రెండేండ్లలో రెండుమార్లకు మించి వ్రాయరాదు. తండ్రి పంతము కొరకు బిడ్డ వయస్సును ఖర్చుచేయుట ఎడ్లను అమ్మినదానికంటె పెద్ద నష్టము.

ఫలితము తప్పుగ నుండుటయు కలదు. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడినపుడు ఒక బాలికకు తెలుగులో సున్న వేయబడెను. తిరిగి చూడగా ఆమెకు వచ్చినవి 99. తప్పినవారందరి జవాబు పత్రములను రుసుము లేక పునఃపరిశీలన చేయవలసి వచ్చెను. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులుగ తేలిరి. కాని ఆ లోపలనే ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు విడిచిరి. ఏ కాగితమును నమ్మి వారు పోయిరో ఆ కాగితమే నమ్మదగినది కాదని తరువాత తేలినది. తేలకున్నను, అది నిజమైన మార్కులే అయినను, ప్రాణమునకు సాటి యగునా?

కావున ఇంటిలోని పెద్దలకు ఒక విన్నపము. ఆ దినమున బిడ్డను ఒంటరిగ విడువకుడు. ప్రక్కింటి పిల్లవాని మార్కులు ఆ పూట తలపకుడు. "తిన్నావా నాయనా?" అని మొదట అడుగుడు. అప్పు సంగతి బిడ్డకు తెలిసియే యున్నది. మరల లెక్క చెప్పనక్కరలేదు. బిడ్డ మాటలాడక, నిద్రింపక, చావు మాట యెత్తినచో దానిని బెదిరింపుగ కొట్టివేయకుడు; నేరుగ అడిగి వినుడు. 14416 అను నంబరునకు ఫోను చేసినచో టెలీ మానస్ అను ప్రభుత్వ సేవయందు శిక్షణ పొందినవారు రేయింబవళ్లు, తెలుగులోను, మాటలాడుదురు. దానికి రుసుము లేదు.

ఇక గ్రంథాలయమునకు తగిన పని. ఈ మూడుదారుల కూడలిలో శ్రీశైలము పోవు యాత్రికునకు ఏ బస్సు ఎప్పుడు వచ్చునో చెప్పువారు చాలమంది కలరు. పరీక్ష తప్పిన బాలునకు రుసుము గడువెప్పుడో, పునఃపరిశీలనకు దరఖాస్తు ఎట్లు పెట్టవలెనో చెప్పువారు కావలెను. ఫలితముల వారములో ఈ గ్రంథాలయపు తలుపులు రాత్రి ఎనిమిది గంటలవరకు తెరచియుండుట మంచిది. గోడమీద గడువు తేదీలు పెద్ద అక్షరములతో వ్రాయించి, వాటి క్రింద 14416 అనియు వ్రాయించవలెను. ఊరిలోని ఉపాధ్యాయులలో ఇరువురు వంతులవారీగ ఒక బల్లవద్ద కూర్చుండి దరఖాస్తులు నింపిపెట్టవలెను. చెంచుగూడెములకు ఎవరైన సైకిలుమీదనో మోటారుసైకిలుమీదనో పోయి, ఫలితము వచ్చిన మరునాడే ఆ పిల్లలను పిలుచుకొని రావలెను. గడువు ముగిసిన పిమ్మట వచ్చిన కబురు వారికి పనికిరాదు.